తాళంచెవి పుట

నాలుగేళ్ల కిందట ఒక రాత్రి
మలక్‌పేటలో కరెంటు పోయి వచ్చిన సందులో
నేనే రాశాను ఆ వాక్యం:
"తాళానికి చెవిలాటిది గనక తాళంచెవి."
ఎవరు చెప్పారని నన్నెవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.
అందరూ కలిసి కట్టుకునే నిఘంటువు కదా,
ఒక ఇటుక నాదీ అని పెట్టేసి పడుకున్నాను.

పగలు నా పని చిక్కడపల్లిలో, డీటీపీ.
శుభలేఖలు, టెండరు నోటీసులు,
వొత్తులు జారిపోకుండా చూసుకోవడం.
రాత్రి పదిన్నర దాటాక మాటల వెంట పడతాను.
దుకాణం చివర సున్నా చూసి
సంస్కృతమని ఎవరో రాస్తే చెరిపేశాను,
అరబ్బీలో పుట్టి పారసీ మీదుగా వచ్చి
ఇక్కడ మన సున్నా తొడుక్కుందని
పుట సంఖ్యతో సహా.
జిల్లా దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను.
దాని వేరు తవ్వితే పక్కటెముక తగిలింది.
ఆ వారమంతా ఏ బోర్డు మీద
రంగారెడ్డి జిల్లా అని కనిపించినా
బస్సులో నా చెయ్యి డొక్క మీదికి పోయేది.

మొన్న ఆదోని నుంచి షేక్షావలి అనే కుర్రాడు
తాళంచెవి పుటలో ఒక్క ముక్క పెట్టాడు:
"అక్కా, దీనికి ఆధారం?"

అదెంత పని అని వెతికాను.
దొరికింది. ఒక పత్రిక ఆదివారం సంచికలో
రంగుల బొమ్మ కింద, పెద్దక్షరాల్లో.
అమ్మయ్య అని ఎత్తి రాయబోతూ చూద్దును కదా,
చెవిలాంటిదిలో సున్నా లేదు.
మా ఇంట్లో ఎవరం లాటిది అనం.
ఆ సున్నా
నాలుగేళ్ల కిందట కరెంటుతో పాటు పోయినది.

నా ఊహే
ఊరంతా తిరిగి, అచ్చు చొక్కా వేసుకుని,
నాకే సాక్ష్యం చెప్తానని
గుమ్మంలో నిలబడింది.

మర్నాడు భోజనం వేళ కోఠీ పోయాను.
మెట్రో స్తంభం నీడలో
తీగకు గుత్తులు గుత్తులుగా వేలాడదీసి
ఆకురాయి పడుతున్నాడు ఇఫ్తెకార్ భాయ్.
నా ఇంటిది చేతికిచ్చి అడిగాను:
దీన్నేమంటారు?
"చావీ."
ఆ మాట ఎక్కడిది?
"మా అబ్బా దగ్గరిది."
అంతకు ముందు?
ఇత్తడి పొడి ఉఫ్‌మని ఊది
నా వైపు వింతగా చూశాడు.
"అది నాకేం ఎర్క మేడం.
నకల్ జెయ్యాల్నంటె అసల్ గావాలె, గంతే.
నకల్ మీంచి నకల్ దీస్తే
లోపలికైతె పోతది, తిర్గదు."
నలభై రూపాయలు తీసుకుని
కొత్తదీ పాతదీ ఒకే తాడుకు కట్టిచ్చాడు.

రాత్రి పుట తెరిచాను.
పోర్చుగీసు చావె ఓడ దిగి
ఉర్దూ నోట చాబీ అయి
మన దగ్గరికొచ్చి చెవిగా స్థిరపడిందని అంటారు.
నాకూ అదే నిజమనిపిస్తోంది.
అయితే అప్పుడూ నాకు
అనిపించింది గనకే రాశాను.

నా వాక్యం కొట్టేశాను.
మార్పుల చిట్టాలో నా పేరూ, తేదీ,
లేని ఆ సున్నా అలాగే ఉంటాయి. ఉండనీ.
వ్యుత్పత్తి అన్న చోట ఇలా పెట్టాను:
"నిశ్చయం కాలేదు. రెండు ఊహలున్నాయి.
ఒకటి నాది, దానికి ఆధారం లేదు.
రెండోదానికి వెతుకుతున్నాం."
వెతుకుతున్నాం అని బహువచనం వేశాక
షేక్షావలిని అడగలేదే అనుకున్నాను.
పొద్దుటికి వాడొక బొటనవేలు పెట్టాడు.

పత్రికకు ఉత్తరం రాశాను. జవాబు లేదు.

నిన్న మెట్ల మీద కింది వాటా పిల్ల హారిక,
బళ్లో క్విజ్‌లో గెలిచిన పెన్ను చూపిస్తూ
"ఆంటీ, తాళంచెవిని చెవి అని
ఎందుకంటారో చెప్పుకో" అంది.
తెలీదమ్మా అన్నాను.
"ఇది కూడా తెలీదా!" అని
గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది,
నా వాక్యమే,
సున్నా సరిచేసి మరీ.